నడిమింటి మట్టి

"సిమెంటు ఏయించీ, కాదనను. నా పానం పోయీటప్పుడు నన్నెక్కడ దింపుతావో అది సెప్పి మరీ ఏయించీ."

మా నాయనమ్మ ఈ మాట అన్న పూట నుంచి మా నాన్నకి కుదురు పోయింది. ఆయనకే కాదు, ఇంట్లో ఎవరికీ లేదు. నాకైతే అసలే లేదు. నేనప్పుడు ఎస్సెల్సీ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. ఫలితాలొచ్చాక టీచరు ట్రైనింగుకి పంపిస్తావా అని నాన్నని అడిగితే "సూద్దాంలే" అనేవాడు. ఆయన ఏ ప్రశ్నకైనా ఇచ్చే జవాబు అదే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. చేసేదేమీ లేక వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మానికీ, పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మానికీ తిరుగుతుండేదాన్ని. "కాలు కాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు, కూకోయే ఒక్క కాడ" అని నాయనమ్మ తిట్టేది. ఆవిడ మాత్రం కూర్చుందా అంటే అదీ లేదు.

అరవైల చివరి మాట ఇది. శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వైపు వెళ్ళే దారిలో మాది వరీ చోడీ పండించుకునే ఊరు. పెంకుటిల్లు, మట్టి నేల. ముందు వీధరుగు, మధ్యన నడిమిల్లు, వెనక వంటిల్లు, ఆపైన పెరడు, పశువుల సాల. నడిమింట్లో ఒక చెక్క స్తంభం ఉండేది. దాని పక్కనే నాయనమ్మ అత్తగారిని దింపారట. మా తాతనీ అక్కడే దింపారు.

దింపడమంటే ఏమిటో చెప్పాలి. మా ఇళ్ళలో మనిషి ఊపిరి ఆగేదాకా మంచం మీద ఉంచరు. ఇక లాభం లేదని తెలియగానే పేడతో అలికిన నేల మీదికి, తల దక్షిణానికి పెట్టి, దింపుతారు. మంచం మీద పోయిన ప్రాణం నేలకీ చెందక, ఆకాశానికీ చెందక అల్లాడుతుందని పెద్దవాళ్ళ నమ్మకం. నాయనమ్మ తన చావు గురించి దిగులు పడగా నేనెప్పుడూ చూడలేదు. కొత్త చీర గురించి మాట్లాడినట్టే మాట్లాడేది. ఎక్కడ దిగాలన్నదే ఆవిడ పట్టుదల. నడిమింట్లో, స్తంభం పక్కన, మట్టి మీద.

ఆ మట్టి వెనక మా అమ్మ చేతులున్నాయి. అది కూడా చెప్పకపోతే నాయనమ్మ పక్షం వహించినట్టవుతుంది, నేనేమో ఆ రోజుల్లో పూర్తిగా అమ్మ పక్షం. అమ్మ నాన్నకి మేనమామ కూతురు. అందుకని నాన్నని బావా అని, నాయనమ్మని అత్తా అని పిలిచేది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి శుక్రవారం శుక్రవారం ఇల్లంతా పేడతో అలికేది. మోకాళ్ళ మీద కూర్చుని, కుడి చెయ్యి అర్ధచంద్రాల్లా తిప్పుకుంటూ, గోడ నుంచి గుమ్మం దాకా వెనక్కి జరుగుతూ వచ్చేది. వానాకాలంలో నేల చెమ్మెక్కి గుంటలు పడేవి, మళ్ళీ పూడ్చి మళ్ళీ అలికేది. చలికాలం వచ్చిందంటే చేతులు పగిలి నెత్తురొచ్చేది. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు తాంబూలం అందుకోడానికి చెయ్యి చాపాల్సి వస్తే గోళ్ళు కనబడకుండా వేళ్ళు ముడిచేది. అది చూసి నాకు ఏడుపొచ్చేది, అమ్మ మీదే కోపం కూడా వచ్చేది.

నాన్న విజయనగరంలో తన తోడల్లుడి ఇంటికి వెళ్ళి ఎర్ర గచ్చు చూసొచ్చాడు. వచ్చినవాడు ఊరుకోలేదు. "అన్నం మెతుకు కింద పడితే ఏరుకు తినీయొచ్చు. తడిగుడ్డతో ఒక్క తుడుపు, అంతే" అని అన్నం తింటూ చెప్పాడు, పడుకోబోతూ చెప్పాడు, ఎడ్లకి గడ్డేస్తూ కూడా చెప్పాడు. ఆయన అంత మోజు పడి మాట్లాడటం నేనదే చూడటం.

ఇక గచ్చుకి ఏ రంగు అన్న గొడవ మొదలైంది. రంగు వెయ్యని బూడిద గచ్చు చవకే కానీ నెల్లిమర్ల మిల్లు గోదాములా ఉంటుందన్నాడు నాన్న. నల్ల గచ్చు మీద ముగ్గు బాగా కనబడుతుందన్నాను నేను. దుమ్ము అంతకన్నా బాగా కనబడుతుందన్నాడు. ఆకుపచ్చది ఆసుపత్రుల్లో ఉంటుంది, ఇంట్లో వద్దన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా, "ఎర్రదో నల్లదో, అలకక్కర్లేనిదేదైనా నాకు సమ్మతమే బావా" అంది. నాయనమ్మ మాత్రం కాసేపు ఆలోచించి, "ఏస్తే ఎర్రదే ఏయించు. మట్టి రంగుకి అదే కొంత దగ్గిర" అంది.

అలా అందని ఒప్పుకున్నట్టు కాదు. తాపీ మేస్త్రి విజయనగరం నుంచి వచ్చి ఇల్లంతా కొలతలు చూస్తుంటే నాయనమ్మ స్తంభం పక్కన చతికిలబడి, "ఇదిగో, నాను పట్టీంత మేర వదిలీ. ఇక్కడ మట్టే ఉండాల" అంది.

మేస్త్రి వాగుడుకాయ. "కొత్త పంచెకి సిల్లెట్టి కట్టుకోమంటావేటి మామ్మా?" అని నవ్వాడు. తర్వాత నాన్నకి నచ్చచెప్పాడు. "నడిమిల్లంతా ఒక్క పూటలో ఒక్క ముద్దగా పొయ్యాల బాబూ. మజ్జిన గొయ్యి వదిలితే అంచులు ఒరిసిపోతాయి. వానలొస్తే సెమ్మ అక్కణ్ణించే ఎక్కీసి గచ్చంతా బుడుపులు లేస్తాది. తర్వాత నన్నంటే నాను పడను."

నాన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అప్పటి సంగతి అప్పుడు సూద్దాంలే అమ్మా" అన్నాడు.

"అప్పుడు నాను సెప్పలేను గదరా" అంది నాయనమ్మ.

నేల తవ్వుతున్న రోజున మరో రభస. గచ్చుకింద ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి దిమ్మిస కొట్టడానికి పాత నేలని లోతుగా తవ్వారు. ఆ మట్టిని గంపలకెత్తి వీధి చివర గోతిలో పోసొద్దామని కూలీలు బయల్దేరితే నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడింది. "అది మీ అబ్బ మట్టేటి గోతిలో పొయ్యడానికి? మా అత్త అలికిన మట్టి. నానలికిన మట్టి. ఇంటి మట్టి వీధి గడప దాటదు" అంది. దాటకుండా ఎక్కడ పోస్తామని నాన్న తల పట్టుకున్నాడు. చివరికి పెరట్లో గోడవార కుప్ప పోయించింది. దాని మీద ఆనప గింజలు పెట్టింది. ఇంత దానికి ముసలావిడ సర్దుకుందని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. "ఏళ్ళ తరబడి పేడ తిన్న మట్టి, కాయలు విరగకాస్తాయి" అని అమ్మ నవ్వింది.

గచ్చు పోసిన రోజు మేం గుమ్మం బయట వరసగా నిలబడి చూశాం. మేస్త్రి ఎర్ర పొడి కలిపిన సిమెంటుని తాపీతో రుద్దుకుంటూ, అమ్మ అలికేటప్పుడు జరిగినట్టే, గోడ నుంచి గుమ్మానికి వెనక్కి జరుగుతూ వచ్చాడు. అమ్మ అది చూసి "మగోడు అలుకుతున్నాడు సూడండి" అని ముసిముసిగా నవ్వుకుంది. ఆ తర్వాత గచ్చు మీద గడ్డి పరిచి రోజుల తరబడి తడపాలన్నాడు మేస్త్రి. ఒక్క పూట ఆరినా పగుళ్ళొస్తాయని బెదిరించాడు. అమ్మ బావి నుంచి బిందెలు మోసింది. నూతి నీళ్ళు అంత సంతోషంగా మోసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మా కాపురం పశువుల సాలలోకి మారింది. అక్కడ దోమలు, పేడ వాసన, పక్కనే గేదె నెమరు. నాకు ఊపిరాడేది కాదు. ఫలితాలు రాలేదు, గచ్చు ఆరలేదు, దేనికీ ఒక తేదీ లేదు. నాన్న గంటకోసారి వెళ్ళి గడ్డి తొలగించి వేలితో నొక్కి చూసొచ్చేవాడు. నాయనమ్మ గుమ్మం బయట కర్రతో కూర్చుని కోళ్ళని తోలేది. ఇష్టం లేని గచ్చుకి కాపలా ఎందుకే అంటే, "ఇష్టం లేని కోడలొచ్చినా అన్నం ఎట్టమేటి?" అంది. అమ్మ ఆ మాట విననట్టే బిందె భుజానికెత్తుకుంది.

మంచి శుక్రవారం చూసి ఇంట్లోకి వెళ్దామనుకున్నాం. ఆ శుక్రవారం తెల్లవారుతూనే అమ్మ కేక విని లేచి పరిగెత్తాను. నాయనమ్మ మా అందరికన్నా ముందు లేచి, కళ్ళాపి కలుపుకుని, కొత్త గచ్చంతా పేడతో అలికేసింది. ఎరుపన్నది ఎక్కడా కనబడలేదు. ఆవిడ చేతులు కడుక్కుంటూ, "పేడ నీళ్ళు పడని ఇంట్లోకి లచ్చిందేవి ఎలగొస్తాది?" అంది. తప్పు చేశానన్న బెరుకు లేదు మొహంలో.

మట్టి నేలైతే పేడని తాగేస్తుంది. గచ్చు తాగలేదు. మధ్యాహ్నానికల్లా అదంతా ఎండి, పెచ్చులు పెచ్చులుగా లేచి, ఇల్లంతా చేప పొలుసుల్లా ఎగిరింది. కింద గచ్చు మసకబారి, అక్కడక్కడ పాకుడు రంగు తేలింది. అమ్మ గుమ్మంలో కూర్చుని పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్న అమ్మనీ ఓదార్చలేక, తల్లినీ తిట్టలేక పొలానికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం నోటికొచ్చింది అనేశాను. నాయనమ్మ కాసేపు అమ్మ వైపు చూసి, లేచి, కొబ్బరి పీచూ నీళ్ళూ తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

పీచుతో రుద్దింది. పాత గుడ్డతో తుడిచింది. మచ్చలు పోలేదు. మేస్త్రి చెప్పింది విన్నదో, తనకే తట్టిందో, ఎండుకొబ్బరి ముక్క దంచి గుడ్డలో మూటకట్టి దాంతో రుద్దడం మొదలుపెట్టింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. అన్నం తిన్నాక రుద్దేది, మాటాడుతూ రుద్దేది, ఊరికే కూర్చుంటే చేతులు పీకుతాయని రుద్దేది. ఒక సాయంత్రం వీధి గుమ్మంలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి పడింది. నాయనమ్మ రుద్దుతున్న చెయ్యి ఆపి కిందికి వంగింది. "ఒలమ్మా, ఇదేటే, నానున్నాను ఇందల" అంది. వెళ్ళి చూశాను. స్తంభం, వాసాలు, ఆవిడ ముక్కుపుడక, అన్నీ ఆ ఎరుపులో తేలుతున్నాయి.

అది మొదలు ఆ గచ్చు ఆవిడదైపోయింది. చింతపండు పులుసు ఒలికితే గచ్చు కాంతి పోతుందని కంచాలు వంటింట్లోకి మార్పించింది. రోలు అరుగు మీదికి పోయింది. మంచం కోళ్ళ కింద కొబ్బరి డొప్పలు పెట్టించింది. విజయనగరం నుంచి నాన్న తోడల్లుడొస్తే, ఎర్ర గచ్చు మాకన్నా ముందు వేయించుకున్న ఆయన్నే పట్టుకుని, "కాళ్ళు కడుక్కున్నావేటి బాబూ?" అని గుమ్మంలో ఆపేసింది. ఇక నా తిరుగుడు సంగతి చెప్పక్కర్లేదు. "నడిసీదానివి నడు, కాలీడ్సకు. గీతలు పడతాయి" అని వెనకాలే అరుపు. శుక్రవారాలు అమ్మకి పని లేకుండా పోయింది. చేతుల పగుళ్ళు పూడాయి. పేరంటాలకి వెళ్తే వేళ్ళు చాపి కూర్చోవడం నేర్చుకుంది.

అన్నీ బాగానే ఉన్నాయి, ఆ ప్రశ్న తప్ప. అది పోలేదు. సాయంత్రం నాన్న పొలం నుంచొచ్చి, కాళ్ళు కడుక్కుని లోపల అడుగు పెట్టేసరికి నాయనమ్మ స్తంభం పక్కన కొబ్బరి మూటతో సిద్ధంగా ఉండేది.

"ఒరే, ఎక్కడ దింపుతావురా నన్ను?"

నాన్న ఆగిపోయేవాడు. "సూద్దాంలే అమ్మా" అని ఆవిడ పక్కనే గొంతుక్కూర్చునేవాడు. వెంటనే లేస్తే పారిపోయినట్టుంటుందని కాబోలు, కాలవలో నీళ్ళు ఎంతవరకొచ్చాయో, ఎద్దుకి గిట్ట ఎలా ఉందో, కళింగపట్నం నుంచి వచ్చే చేపలావిడ ఇవాళ ఏం తెచ్చిందో చెప్పేవాడు. నాయనమ్మ రుద్దుతూ వినేది. దీపం పెట్టే వేళకి లేచేవాడు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, అదే చోట.

ఆ ప్రశ్న ఆయన్ని లోపల తొలిచేసింది. పురోహితుణ్ణి అడిగాడు, ఊరి పెద్దల్ని అడిగాడు. గచ్చు మీద దింపితే ఫరవాలేదని ఒకరంటే, మహాపాపమని ఇంకొకరన్నారు. పెరట్లో పందిరేసి అలికిస్తానని ఒకసారి ధైర్యం చేసి చెప్పాడు. "పెరట్లో దింపడానికి నానేటి ఆవునేటిరా?" అంది. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశాడు. నాకు నాయనమ్మ మీద పీకలదాకా కోపం. గచ్చుని ముద్దు చేస్తూనే ఆ గచ్చు వేయించిన కొడుకుని ఇలా సాధించడమేమిటి? ఈలోగా ఫలితాలొచ్చాయి, నేను ప్యాసయ్యాను. ట్రైనింగు మాట ఎత్తితే "సూద్దాంలే". ఒక ఏడాది అలాగే గడిచిపోయింది.

ఆ తర్వాతి వానల్లో నాయనమ్మకి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కాంపౌండరు సూది వేసి, బయటికొచ్చి, నాన్న భుజం మీద చెయ్యేసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఆవిడ ఊపిరి పైపైకి వచ్చింది. చూడటానికొచ్చిన పెద్దాయన ఒకరు చెయ్యి పట్టి చూసి, "ఇక దించీండి, బేగి" అన్నాడు.

నాన్న మంచం పక్కన నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ వాయిదా వేసిన జవాబు ఆ నిమిషంలో కావాల్సి వచ్చింది. ఆయన సాలలోకి వెళ్ళి గునపం తెచ్చాడు. స్తంభం పక్కకి వెళ్ళి, రెండు చేతులా ఎత్తి, గచ్చు మీద వేశాడు. ఆ దెబ్బ నా పళ్ళలో జివ్వుమంది. ఎర్ర పెచ్చు ఎగిరిపడి కింద బూడిద రంగు బయటపడింది. "బావా!" అని అమ్మ అరిచింది. ఆయన మళ్ళీ గునపం ఎత్తాడు.

"ఎవుడ్రా అది?"

మంచం మీంచి వచ్చింది ఆ గొంతు. పొద్దుట్నుంచి కళ్ళు తెరవని మనిషి తల తిప్పి చూస్తోంది.

"నానేనమ్మా" అన్నాడు నాన్న. గునపం అలాగే గాల్లో ఉంది. "నీకు మట్టి కావాల కదా. తవ్వుతన్నాను."

"మట్టి కావాలంటే గచ్చు పగలగొడతావేటిరా ఎర్రెదవా! నా సేతులరిగిపోనాయిరా దానికి." అంత మాట అన్నందుకు ఊపిరందక చాలాసేపు ఆగింది. మళ్ళీ అంది. "ఆనపపాదు కాడున్నది ఏ మట్టిరా? మనింట్లోది కాదేటి? తెండి."

ముందు అర్థమైంది అమ్మకి. గంప తీసుకుని పెరట్లోకి పరిగెత్తింది, వెనకాల నేను. తీగలు పట్టి లాగేశాను, పిందెలతో సహా ఊడొచ్చాయి. పార కోసం వెతికే ఓపిక లేక చేతులతోనే మట్టి తోడి గంపకెత్తాను. ఏ మట్టి మీద పుట్టి పాకానో అదే మట్టి. వానకి తడిసి మెత్తగా ఉంది. ఇంటి మట్టి గడప దాటకూడదని కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలావిడ, ఆ పూటే తనకి కావాల్సిన చోటు తాను సంపాదించుకుంది. మేమే ఆనపకాయలు తింటూ నవ్వుకున్నాం.

స్తంభం పక్కన, నిగనిగలాడే గచ్చు మీద, మట్టి పరిచాం. అమ్మ సాలలోంచి పేడ తెచ్చింది. ఇక జన్మలో ముట్టనక్కర్లేదనుకున్న పేడ. మోకాళ్ళ మీద కూర్చుని, పగుళ్ళు పూడిన చేతులతో, అర్ధచంద్రాలు తిప్పుతూ అలికింది. కన్నీళ్ళు ముక్కు మీంచి ఆ అలుకులో పడుతున్నాయి, తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. అంత శ్రద్ధగా తను అలకడం నేనెప్పుడూ చూడలేదు.

దింపారు. నాయనమ్మ అరచేత్తో పక్కన నేలని తడిమింది. "సదునుగా లేదే కోడలా" అంది. అమ్మ ఏడుస్తూనే నవ్వి, ఆ చోట చెయ్యి పెట్టి సరిచేసింది. నాన్న ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు, రోజూ కూర్చున్నట్టే. దీపం పెట్టే వేళకి నాయనమ్మ పోయింది.

కర్మలన్నీ అయ్యాక మట్టిని గంపలకెత్తి మళ్ళీ గోడవారే పోశాం. గచ్చు కడిగితే మెరుపు చెక్కుచెదరలేదు, గునపం దిగిన ఆ గుంట తప్ప. అది చూసేసరికి, అన్ని రోజులూ బిగబట్టుకున్న నాన్నకి కోపం కట్టలు తెంచుకుంది. "మట్టి అక్కడెట్టుకుని ఇన్నాళ్ళు నన్ను కాల్సుకు తిన్నాది! ఒక్క మాట, ఒక్క మాట సెప్పుంటే నాను నిమ్మళంగా ఉందును గదా!" అని అరిచాడు. నాకూ అదే అనిపించింది.

అమ్మ తడిగుడ్డ పిండుతూ నెమ్మదిగా అంది. "సెప్పీసుంటే నిమ్మళంగానే ఉందువు బావా. వొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం తినీసి తొంగుందువు. రోజూ అత్త కాడ కూకుందువేటి?"

నాన్న చేతిలో తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. నేను ఆయన మొహం చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయాను. నాయనమ్మని నేనన్న మాటలన్నీ అక్కడ ఒక్కటొక్కటే గుర్తొచ్చి కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

తర్వాతి వేసవిలో నన్ను విజయనగరం ట్రైనింగుకి పంపించారు. సెలవులకి ఇంటికొచ్చిన రోజున, సాయంత్రం నాన్న పొలం నుంచొచ్చి కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. స్తంభం దగ్గర ఆగాడు. ఆ గుంట పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మేస్త్రిని పిలిసి అది పూడ్పించీకూడదా బావా, కాలికి తగలతన్నాది" అంది అమ్మ వంటింట్లోంచి.

"సూద్దాంలే" అన్నాడు నాన్న.